ఇతరుల ఆఫీసు పనులు చేసిపెట్టే సొంత వ్యాపారాన్ని లాభసాటిగా నడపడం ఎలా?

గుమాస్తాను పెట్టుకునేంత పని ఉండదు, ఉన్న పనిని తాము చూసుకునే తీరిక ఉండదు. ఇలాంటి చిన్న వ్యాపారులు మా విజయవాడ ఆటోనగర్‌లో ఏ వీధిలో చూసినా కనిపిస్తారు. వారి బిల్లులు, ఉత్తరాలు, ఫైళ్లు, బాకీల జాబితాలు ఇంటి నుంచే చూసిపెట్టడం నా వృత్తి. నన్ను చూసి ఈ పని మొదలుపెట్టి ఏడాది తిరగకుండానే మానేసినవారు చాలామంది ఉన్నారు. వారిలో ఎవరికీ పని దొరకక కాదు, ధర కట్టడం తెలియకనే నష్టం వచ్చింది.

మొదటి దశ సామగ్రి. ఒక ల్యాప్‌టాప్, స్కానర్ ఉన్న ప్రింటర్, నమ్మకమైన ఇంటర్నెట్, వ్యాపారానికి విడిగా ఒక ఫోన్ నంబరు చాలు. ఒక్కో క్లయింట్‌కు ఒక్కో రంగు బాక్స్ ఫైలు తప్పనిసరి. కంప్యూటర్లో ఫోల్డర్లు ఉన్నాయి కదా అనేవారితో నేను వాదించను గాని, వారు పొరపాటు చేస్తున్నారు.

రెండవ దశ నమోదు. చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే గుర్తింపైన ఉద్యమ్ నమోదు ఆధార్‌తో, ఆన్‌లైన్‌లో, పూర్తి ఉచితంగా జరుగుతుంది. రుసుము అడిగే వెబ్‌సైటు ప్రభుత్వానిది కాదని గుర్తించాలి. సేవలపై ఏడాది రాబడి 20 లక్షల రూపాయలు దాటేవరకు జీఎస్‌టీ నమోదు అక్కర్లేదు. వ్యాపారం పేరిట కరెంట్ ఖాతా తెరిస్తే ఈ దశ ముగిసినట్లే.

మూడవ దశలో ఒకే రంగాన్ని ఎంచుకోవాలి. నేను లారీ ట్రాన్స్‌పోర్టును ఎంచుకున్నాను. ప్రతి లారీకి ఫిట్‌నెస్, బీమా, పర్మిట్, కాలుష్య ధ్రువపత్రం వేర్వేరు తేదీల్లో ముగుస్తాయి. సరుకు ముట్టినట్లు సంతకం పడిన ఎల్.ఆర్. (లారీ రసీదు) కాపీ తిరిగి రానిదే కిరాయి బిల్లు పాస్ కాదు. ఆ కాపీ డ్రైవరు సీటు కింద నూనె మరకలతో పడి ఉంటుంది. దాన్ని రప్పించి, స్కాన్ చేసి, బిల్లుకు జతపరచడంలోనే మన విలువ ఉంది. నెలలో 7న టీడీఎస్ (చెల్లింపుల్లో ముందే మినహాయించిన పన్ను), 11న జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల వివరాలు), 15న పీఎఫ్, ఈఎస్‌ఐ, 20న జీఎస్‌టీఆర్-3బి (నెలవారీ పన్ను లెక్క) గడువులు ఉంటాయి. వాటిని దాఖలు చేయడం ఆడిటరు పని, కాగితాలను మూడు రోజుల ముందే ఆయనకు చేర్చడం మన పని.

ఇక నాలుగవ దశ, ధర. అందరూ చెడగొట్టేది ఇక్కడే కనుక దీన్ని నిదానంగా చదవాలి.

నెలకు 40,000 రూపాయలు మిగలాలని, ఖర్చులు 8,000 అవుతాయని అనుకుందాం. మొత్తం 48,000 రావాలి. కొత్తవారు 25 రోజులను 8 గంటలతో గుణించి, 200 గంటలతో భాగించి, గంటకు 240 రూపాయలని తేల్చుకుంటారు. కాని తిరుగుళ్లు, ఫోన్లు, సొంత లెక్కలు, కొత్త క్లయింట్ల కోసం వెతకడం పోగా బిల్లు వేయగలిగేది 120 గంటలకు మించదు. కాబట్టి గంట విలువ 400. దాన్ని 240కే అమ్మితే వచ్చేది 28,800, ఖర్చులు పోను మిగిలేది 20,800 మాత్రమే.

ఈ గంట లెక్క మన డైరీలోనే ఉండాలి, క్లయింట్‌కు చెప్పకూడదు. గంటల చొప్పున బిల్లు వేస్తే మన చేయి తిరిగేకొద్దీ మన ఆదాయమే తగ్గుతుంది, పైగా అవతలివారు గడియారం చూస్తూ కూర్చుంటారు. పేజీకి ఇంత, ఎంట్రీకి ఇంత అనేది అంతకంటే అధ్వాన్నం. ఆ పోటీలో డీటీపీ సెంటర్లను మనం గెలవలేము. నెలలో మనకు 24 గంటలు పట్టే పనికి, గంటల ఊసెత్తకుండా, నెలకు 9,600 అని ఒకే మొత్తం చెప్పాలి. అలాంటి క్లయింట్లు ఐదుగురు ఉంటే 48,000 సరిపోతుంది. ఆరవవారిని తీసుకోకూడదు.

ఆ మొత్తానికి ఏ పనులు చేస్తామో కాగితం మీద పెట్టాలి: నెలకు 60 బిల్లులు, 20 ఉత్తరాలు, పది రోజులకొక బాకీల జాబితా. "తదితర పనులు" అనే మాట ఒప్పందంలో ఎక్కడా ఉండకూడదు. నా తొలి ఒప్పందంలో ఆ మాట రాశాను. ఆ యజమాని మంచివారే, డబ్బు కూడా వేళకు ఇచ్చేవారు. కాని రాత్రి తొమ్మిదిన్నరకు ఫోన్ చేసి, "అమ్మా, ఒక చిన్న పని" అనేవారు. మూడు నెలల్లో వారి అబ్బాయి కాలేజీ దరఖాస్తులు, ఇంటి పన్ను, గ్యాస్ కనెక్షన్ మార్పు అన్నీ నా మీదకు వచ్చాయి. డైరీ తీసి కూడితే నెలకు 24 గంటలనుకున్న పని 41 గంటలు అయింది, అంటే గంటకు 234 రూపాయలు. ఇప్పుడైతే, "తప్పకుండా చేస్తానండీ, ఇది ఒప్పందంలో లేదు కనుక దీనికి బిల్లు విడిగా పంపుతాను" అంటాను. చిన్న పనుల్లో సగం అక్కడే ఆగిపోతాయి.

డబ్బు ప్రతి నెలా 5వ తేదీలోగా ముందుగానే తీసుకోవాలి. కుదరనప్పుడు గడువును ఒప్పందంలో రాసి, బిల్లు మీద ఉద్యమ్ నంబరు ముద్రించాలి. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు చెల్లింపు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకుంటే 15 రోజుల్లో జరగాలి; దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ పడుతుంది. 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఆదాయపు పన్ను నిబంధన వల్ల, అలా ఆలస్యమైన మొత్తాన్ని నిజంగా చెల్లించేవరకు క్లయింట్ తన లెక్కల్లో ఖర్చుగా తీసివేసుకోలేరు. పది ఫోన్లకు కదలనివారు తమ ఆడిటరు ఈ మాట చెప్పగానే కదులుతారు.

ఐదవ దశ జాగ్రత్త. క్లయింట్ బ్యాంకు పాస్‌వర్డ్, ఓటీపీ, డిజిటల్ సంతకపు టోకెన్ మన దగ్గర ఉండకూడదు. వారు నమ్మకంతో ఇచ్చినా తిరిగి ఇచ్చేయాలి. ధరను ఏటా ఏప్రిల్‌లో పెంచాలి, ఆ సంగతి మార్చి మొదటివారంలోనే ఉత్తరం ద్వారా తెలపాలి.

ఎవరైనా క్లయింట్ మానుకుంటే, వారి రంగు ఫైలులోని కాగితాలన్నిటికీ జాబితా రాసి, రెండు కాపీల మీద సంతకాలు చేయించి అప్పగించాలి. వారి బాకీ ఇంకా రావలసి ఉన్నా కాగితాలు ఆపకూడదు.