డిస్క్ బ్రేకులు వేశాక చక్రం దగ్గర టక్ టక్: పాత ట్రక్కు వీల్ స్టడ్డుల సమస్యలు - పరిష్కారాలు

నాలుగు వారాంతాలు గ్యారేజీలోనే గడిపి, నా 1970 షెవర్లే సీ10 పికప్ ట్రక్కుకి నాలుగు చక్రాలకీ డిస్క్ బ్రేకులు వేశాను. టార్క్ రెంచ్ (పెట్టిన బిగుతు రాగానే క్లిక్‌మనే పానా) ప్రతి నట్టు మీదా క్లిక్కుమంది. మూడో రోజు డాలస్ దాటి హైవే ఎక్కగానే వెనక ఎడమ చక్రంలో టక్, టక్ మొదలైంది. వేగం పెంచితే అదీ పెరుగుతోంది. బ్రేకు ప్యాడ్లేమో అనుకుని వాటిని పట్టుకునే కాలిపర్ విప్పి రెండు గంటలు దండగ చేసుకున్నా. తప్పు బ్రేకుది కాదు, నేను కొన్న స్టడ్డుది, అంటే చక్రం నట్టు ఎక్కే బోల్టుది.

నట్టు గట్టిగానే ఉంది, చక్రం మాత్రం కదులుతోంది

నాకొచ్చిన సమస్య ఇదే. వెనక యాక్సిల్ ఫ్లాంజి (స్టడ్డులు దిగే చివరి పళ్ళెం) మీద పాత డ్రమ్ము రేకు పల్చగా కూర్చునేది. దాని స్థానంలో వచ్చిన రోటర్ (బ్రేకు డిస్కు) మందం ఎక్కువ, పైగా అల్లాయ్ వీలు. పాత స్టడ్డు పొడవు చాలదని పొడుగువి తెప్పించాను. పొడవు చూశానే గానీ, మర ఎక్కడ మొదలవుతుందో చూడలేదు. ఆ స్టడ్డుకి మర లేని నున్నటి భాగం ఎక్కువ. నట్టు వచ్చి ఆ నునుపు దగ్గరే ఆగిపోయింది. రెంచ్‌కి అదంతా బిగుతే కదా, క్లిక్కుమంటుంది. చక్రానికి మాత్రం పట్టు అందలేదు.

నట్టు విప్పి చూస్తే గుట్టు బయటపడుతుంది: స్టడ్డు మీద మర మొదలయ్యే చోట గోరు మందాన మెరిసే ఉంగరం, వీలు రంధ్రం అంచున ఒకవైపు పెయింట్ చెక్కుచెదరకుండా ఉంటుంది. మర లేని భాగం ఫ్లాంజిలోనే, మహా అయితే రోటర్ మందంలోనే అయిపోవాలి. కొనేముందు కొలిచే వెర్నియర్ కాలిపర్స్‌తో మూడు కొలతలు రాసుకోండి: తల కింద పళ్ళున్న మెడ వ్యాసం, ఆ మెడ పొడవు, మర మొదలయ్యే చోటు. "మీ ట్రక్కుకి సరిపోతుంది" అని డబ్బా మీద రాసినదాన్ని నమ్మకండి. ట్రక్కుకి సరిపోవచ్చు, మీరు మార్చిన రోటర్‌కి సరిపోవాలి కదా.

నట్టు నాలుగైదు చుట్లకే బిగిసిపోతోంది

ఇది దానికి తిరగేసిన కేసు: స్టడ్డు పొట్టి. కనీసం స్టడ్డు వ్యాసమంత లోతు మర పట్టాలి. సీ10కి ఫ్యాక్టరీ స్టడ్డు 7/16 అంగుళాలు, అంగుళానికి 20 మరలు, అంటే దాదాపు తొమ్మిది చుట్లు. అర అంగుళం స్టడ్డుకి పది. చేత్తో తిప్పుతూ లెక్కపెట్టుకోండి. మూసిన టోపీ నట్లయితే లోపల స్టడ్డు చివర తగిలి కూడా ముందే ఆగిపోవచ్చు, అదీ చూడాలి.

ఈ రెండు సైజులూ కలిపేసుకునే ప్రమాదం ఇంకొకటి. మరల లెక్క ఒకటే అయినా అర అంగుళం నట్టు పెద్దది కాబట్టి 7/16 స్టడ్డు మీదకి వదులుగా దూరిపోతుంది. సైజు మార్చారా, పాత నట్లన్నీ ఆ రోజే చెత్తబుట్టలో వేయండి.

నట్టుతో పాటు స్టడ్డూ తిరుగుతోంది

ఎక్కువమంది హబ్బు (చక్రం బిగించే మధ్య భాగం) పాడుచేసుకునేది ఇక్కడే. 1970 దాకా సీ10కి ముందు చక్రాలకి కూడా డ్రమ్ములే, 1971లో డిస్కులొచ్చాయి. (ఆరు స్టడ్డులు ఐదైంది కూడా అప్పుడే. ఆ తర్వాతి ట్రక్కు సామాను ముందు బిగిస్తే ముందు ఐదు, వెనక ఆరు మిగులుతాయి. స్టెప్నీ ఎన్నింటిది పెట్టుకుంటారో మీ ఇష్టం.) పాత హబ్బుకే కొత్త రోటర్ బిగించే కిట్ అయితే డ్రమ్ము ఊడదీయాలి. డ్రమ్ము ఊడకుండా స్టడ్డు మెడని రివెట్టులా ఉబ్బించి ఉంటారు. అలాగే వెనక్కి కొడితే ఆ ఉబ్బు రంధ్రాన్ని వెడల్పు చేసుకుంటూ వస్తుంది. కొత్త స్టడ్డు పళ్ళకి ఇక పట్టుండదు, నట్టుతో పాటే తిరుగుతుంది.

విజయవాడ ఆటోనగర్‌లో సుత్తితో రెండు దెబ్బల్లో బోల్టు ఊడగొట్టడం చిన్నప్పుడు కళ్ళారా చూశాను. ఇక్కడ ఆ పద్ధతి పనికిరాదు. ముందు గొట్టంలాంటి కట్టర్‌తో ఆ ఉబ్బుని కోసేయాలి, తర్వాత రంధ్రం చుట్టూ హబ్బుకి కింద ఆధారం పెట్టి ప్రెస్‌తో నొక్కాలి. రంధ్రం ఇప్పటికే పెద్దదైతే, మెడ లావున్న స్టడ్డు కొలిచి తెచ్చుకోవాలి, లేదంటే హబ్బే మార్చాలి. తల దగ్గర వెల్డింగ్ వేయించకండి. ఆ వేడికి స్టడ్డు బలం పోతుంది, తెగేది రోడ్డు మీద.

బ్రేకు తొక్కితే పెడల్ కొట్టుకుంటోంది

హబ్బు ముఖం మీద తుప్పో, కోసిన ఉబ్బు ముక్కో మిగిలిపోయి రోటర్ వంకరగా కూర్చుని ఉంటుంది. గీకి శుభ్రం చేయండి.

కొన్ని మైళ్ళు తిరిగాక నట్లు వదులవుతున్నాయి

స్టడ్డు తల వెనక ఫ్లాంజికి పూర్తిగా ఆనలేదు. సందు కొలిచే పల్చటి ఫీలర్ బ్లేడు కూడా దూరకూడదు. ప్రెస్ లేనివాళ్ళు వాషర్లకి గ్రీజు రాసి, నట్టు తిరగేసి స్టడ్డుని లాగుతారు. చేత్తో నెమ్మదిగా అయితే సరే, ఇంపాక్ట్ గన్‌తో లాగితే స్టడ్డు సాగిపోతుంది. దానికి వాడిన నట్టుని చక్రానికి వాడొద్దు.

అర అంగుళం స్టడ్డుకి సాధారణంగా చెప్పే బిగింపు 75 నుంచి 85 అడుగు-పౌండ్లు, మర పొడిగా ఉంటేనే. సరైన స్టడ్డులు వేశాక 50 మైళ్ళకి మళ్ళీ రెంచ్ పెడితే వెనక ఎడమ చక్రంలో రెండు నట్లు పావు చుట్టు తిరిగాయి. 100 మైళ్ళకి ఏదీ కదల్లేదు.