టెక్సాస్‌లో లైసెన్సున్న గన్ దగ్గరుండగా పోలీసు కారు ఆపితే ఏం చేయాలి?

డాలస్ చుట్టుపక్కల మనవాళ్లకి హ్యాండ్‌గన్ లైసెన్స్ శిక్షణ ఇస్తూ చాలా ఏళ్లయింది. షూటింగ్ పరీక్ష అందరూ బాగానే గట్టెక్కుతారు. 50 తూటాలు, 250 మార్కులు, 175 వస్తే పాస్. దాని గురించి నాకు బెంగ లేదు. బెంగంతా ఆ తర్వాతే. పార్కింగ్ లాట్‌లో కారులో కూర్చోబెట్టి, నేను పోలీసులా కిటికీ దగ్గరికి వచ్చి "లైసెన్స్ అండ్ ఇన్సూరెన్స్ ప్లీజ్" అంటాను. ఇంచుమించు ప్రతి ఒక్కరూ ఒకటే పని చేస్తారు. "ఐ హావ్ ఎ గన్" అంటూనే కుడిచెయ్యి నడుము వెనక్కి పోనిస్తారు. పర్సు అక్కడే ఉంటుంది కాబట్టి. గన్ కూడా అక్కడే ఉంటుంది. కిటికీ బయట నిలబడ్డ మనిషికి పర్సు కోసం పోయే చెయ్యీ, గన్ కోసం పోయే చెయ్యీ ఒక్కలాగే కనిపిస్తాయి.

ఇంజనీర్లు, డాక్టర్లు, మోటెల్ ఓనర్లు, ఎవరైనా సరే అదే తప్పు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు అర్హత

హెచ్‌1బీ, హెచ్‌4, ఎఫ్‌1, ఎల్‌1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు గన్ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధించింది. వేట లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉందని వాట్సాప్‌లో తిరుగుతూ ఉంటుంది. మినహాయింపు ఉన్నమాట నిజమే, కానీ ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగకుండా దాన్ని నమ్ముకుని గన్ కొనొద్దు. గ్రీన్ కార్డ్ వచ్చినవాళ్లు, పౌరసత్వం ఉన్నవాళ్లు మిగతా అర్హతలుంటే పెట్టుకోవచ్చు. గ్రీన్ కార్డ్ వాళ్లు ఇంకోటి గుర్తుపెట్టుకోవాలి: గన్‌కి సంబంధించిన నేరం రుజువైతే దేశం నుంచి పంపించేసే అవకాశం ఉంది. మీ పక్కింటి అమెరికన్‌కి జరిమానాతో పోయేది మీకు ఇల్లూ ఉద్యోగం పిల్లల చదువూ అన్నీ తీసుకుపోవచ్చు.

2021 సెప్టెంబర్ 1 నుంచి టెక్సాస్‌లో 21 ఏళ్లు దాటి, వేరే నిషేధం ఏమీ లేనివాళ్లు లైసెన్స్ లేకుండానే హ్యాండ్‌గన్ పెట్టుకోవచ్చు. "ఇంకా క్లాసెందుకండీ?" అని అడిగేవాళ్లు అప్పటినుంచీ ఎక్కువయ్యారు. ఎందుకంటే, స్కూలు ఆవరణకి వెయ్యి అడుగుల లోపల గన్ ఉండకూడదని ఫెడరల్ చట్టం ఉంది. రాష్ట్రం ఇచ్చిన లైసెన్స్ ఉంటే ఆ రాష్ట్రంలో దాన్నుంచి మినహాయింపు. లైసెన్స్ లేకుండా, లోడ్ చేసిన గన్‌తో రోజూ పిల్లల్ని స్కూల్లో దింపే తండ్రి రోజుకి రెండుసార్లు ఫెడరల్ నేరం చేస్తున్నట్టే. దానికన్నా నాకు ముఖ్యమైన కారణం వేరే ఉంది. మాట తడబడినప్పుడు కార్డు మనకి సాయం వస్తుంది. కింద చెప్తాను.

కారులో సర్దుకోవడం

గన్ హోల్‌స్టర్‌లోనే, అంటే నడుముకి తగిలించుకునే గన్ తొడుగులోనే ఉండాలి. సీటు కింద, కప్ హోల్డర్‌లో, తొడ కింద పెట్టడం నా దగ్గర నడవదు. గ్లోవ్‌బాక్స్‌లో ఇన్సూరెన్స్ కాగితం, గన్ కలిపి పెట్టడం అన్నిటికన్నా పెద్ద తప్పు. ఆఫీసర్ కాగితం అడిగితే మీరు గ్లోవ్‌బాక్స్ తెరుస్తారు, అతనికి ముందు కనిపించేది గన్ పిడి.

డ్రైవింగ్ లైసెన్స్, ఎల్‌టీసీ కార్డు (లైసెన్స్ టు క్యారీ, అంటే హ్యాండ్‌గన్ లైసెన్స్), ఇన్సూరెన్స్ కాగితం, ఈ మూడూ సన్‌వైజర్‌కి క్లిప్ చేసిన చిన్న పౌచ్‌లో ఉండాలి. కారెక్కగానే పర్సులోంచి తీసి అందులో పెట్టండి, దిగేటప్పుడు మళ్లీ పర్సులోకి. ఇన్సూరెన్స్ ఫోన్‌లో చూపించినా చెల్లుతుంది, కానీ ఫోన్ వద్దు. చీకట్లో చేతిలో నల్లగా ఏదో ఒక వస్తువు ఎందుకు? ఎడమ జేబులో పర్సు పెట్టుకుంటే చాలదా అని కొందరు వాదిస్తారు. చాలదు. జేబులోకి పోయిన చెయ్యి కనిపించదు, పైకి లేచిన చెయ్యి కనిపిస్తుంది.

వెనక పోలీసు లైట్లు వెలిగాక

ఇండికేటర్ వేసి, నెమ్మదించి, కుడివైపు వెలుతురున్న చోట ఆపండి. గేరు పార్క్‌లో పెట్టి ఇంజన్ ఆపండి. నాలుగు అద్దాలూ దించండి. రాత్రయితే లోపలి లైటు వేయండి. పాటలు, బ్లూటూత్ ఆపేయండి, లేకపోతే సరిగ్గా ఆ నిమిషంలోనే విజయవాడ నుంచి ఫోన్ వస్తుంది. రెండు చేతులూ స్టీరింగ్ పైభాగంలో, వేళ్లు విప్పి.

కారు దిగొద్దు. మన దగ్గర ఎస్సై ఆపితే కాగితాలు పట్టుకుని దిగి, ఆయన దగ్గరికి నడిచి వెళ్లడం మర్యాద. ఇక్కడ అదే పని దాడికి వస్తున్నట్టు కనిపిస్తుంది. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకి ఇది ముందే చెప్పి ఉంచండి. ఒకసారి ఫ్రిస్కో హనుమాన్ గుడి నుంచి వస్తుంటే నన్ను ఆపారు. మా నాన్న మర్యాద కొద్దీ పక్క డోర్ తీసి ఒక కాలు కింద పెట్టేశారు. వెనకనుంచి వచ్చిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "నాన్నా, కదలొద్దు, కాలు లోపలికి తీసుకో" అని తెలుగులో అరిచాను. నేను ఏమంటున్నానో అర్థంకాక ఆఫీసర్ ఇంకా బిగుసుకున్నాడు. అప్పటినుంచీ కారులో ఎవరున్నా బయల్దేరేముందే చెప్తాను: పోలీసు వస్తే చేతులు ఒళ్లో, నోరు మూసి, మాట్లాడేది నేనొక్కణ్ణే, అదీ ఇంగ్లీషులోనే.

సీటు బెల్టు తీయొద్దు. దీన్ని ఎవరూ పట్టించుకోరు. ఇండియాలో స్టీరింగ్ కుడివైపు కాబట్టి బకిల్ మన ఎడమ తుంటి దగ్గర ఉంటుంది. ఇక్కడ కుడి తుంటి దగ్గర. కుడిచేతి వాటం ఉన్నవాళ్ల హోల్‌స్టర్ కూడా కుడి తుంటి దగ్గరే. అంటే ఈ దేశంలో బెల్టు తీయడమూ, గన్ తీయడమూ మొదటి అరసెకను దాకా ఒకటే కదలిక. భుజం కిందికి వంగుతుంది, మోచెయ్యి వెనక్కి వెళుతుంది. వెనక అద్దంలోంచి చూస్తున్నవాడికి కనపడేది అంతే.

చెప్పే ఘట్టం

ఇక్కడ తొందరపడకుండా చదవండి.

టెక్సాస్ చట్టం ప్రకారం, లైసెన్సుదారు దగ్గర హ్యాండ్‌గన్ ఉన్నప్పుడు ఆఫీసర్ గుర్తింపు కార్డు అడిగితే డ్రైవింగ్ లైసెన్స్‌తో పాటు ఎల్‌టీసీ కూడా చూపించాలి. చూపించకపోతే వేసే శిక్షని 2009లో ఎత్తేశారు. దాంతో "ఎందుకు చెప్పాలి?" అనే వాదన మొదలైంది. వాదన ఇంట్లో పెట్టుకోండి. అతను తర్వాత దిగమన్నప్పుడు, చొక్కా పైకి జరిగినప్పుడు, తనంతట తను గన్ చూశాడంటే మీరు దాచినట్టే అనుకుంటాడు.

ఎప్పుడు చెప్పాలి? అతను పలకరించి, కార్డులు అడిగాక. కిటికీ దగ్గరికి రాకముందే అరిచి చెప్పడం ఇంకో రకం పొరపాటు. ట్రక్కుల హోరులో ఒక్క మాటే వినిపిస్తుంది, ఆ మాట "గన్". కాబట్టి ఆ మాటే వాడొద్దు. నేను నేర్పేది ఇదొక్కటే, ఒక్క ముక్క మార్చొద్దు:

"ఆఫీసర్, ఐ హావ్ ఎ టెక్సాస్ లైసెన్స్ టు క్యారీ. ఐయామ్ క్యారీయింగ్ టుడే. మై హ్యాండ్స్ విల్ స్టే రైట్ హియర్. హౌ వుడ్ యూ లైక్ మీ టు ప్రొసీడ్?"

మొదటి వాక్యంలో లైసెన్స్ అన్న మాట ముందొస్తుంది. దొంగలు లైసెన్స్ అన్న మాటతో మొదలుపెట్టరు. చివరి వాక్యంతో పగ్గం అతని చేతికి ఇచ్చేస్తున్నారు. నెమ్మదిగా, మాటకీ మాటకీ మధ్య ఊపిరి పీల్చుకుని చెప్పండి. టెన్షన్‌లో మన ఇంగ్లీషు తెలుగు వేగంతో పరిగెడుతుంది, ఎదుటివాడికి సగం అందదు. అద్దం ముందు నిలబడి ఇరవైసార్లు పైకి అనండి. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఆ నాలుగు వాక్యాలు అంటున్నంతసేపూ చేతులు కదలకూడదు. వేలు కూడా. మాట ఒకటి, కదలిక ఒకటి, రెండూ కలవకూడదు. చెప్పడం, చెయ్యి కదపడం ఒకేసారి జరిగితే ఎదుటివాడి మెదడు మాటని వదిలేసి చేతిని చూస్తుంది.

2016 జూలై 6న మిన్నెసోటాలోని ఫాల్కన్ హైట్స్‌లో ఫిలాండో క్యాస్టీల్ అనే 32 ఏళ్ల నల్లజాతి మనిషి కారు ఆపారు. బ్రేక్ లైట్ వెలగట్లేదన్నారు. స్కూల్లో పిల్లలకి భోజనాలు చూసే ఉద్యోగం అతనిది. గన్ పర్మిట్ ఉంది. ఇన్సూరెన్స్ కార్డు ఇచ్చి, తన దగ్గర గన్ ఉందని తనే మర్యాదగా చెప్పాడు. తీయొద్దని ఆఫీసర్ అన్నాడు, తీయట్లేదని అతనన్నాడు. కొన్ని సెకన్లలో ఆఫీసర్ ఏడు తూటాలు పేల్చాడు, క్యాస్టీల్ చనిపోయాడు. వెనక సీట్లో నాలుగేళ్ల పాప ఉంది. మరుసటి ఏడు జ్యూరీ ఆ ఆఫీసర్‌ని నిర్దోషి అంది.

క్యాస్టీల్ తప్పు చేశాడని నేనెప్పుడూ అనను, క్లాసులో ఎవరైనా అంటే ఒప్పుకోను. చట్టం అడిగిందీ, అడగందీ కూడా అతను చెప్పాడు. కానీ పోలీసు కారు కెమెరాలో పడ్డ ఆ వీడియో చూసిన ప్రతిసారీ నాకు అర్థమయ్యేది ఒకటే. మనం నిజం చెప్పినంత మాత్రాన ఎదుటివాడి భయం పోదు. మన చేతిలో ఉన్నది మన చెయ్యి ఒక్కటే, దాన్ని కదలకుండా ఉంచుకోవడమే. రంగు చూసి ముందే భయపడేవాళ్ల విషయంలో ఇది ఇంకా ఎక్కువ నిజం, మనమూ ఆ రంగుకి దూరమేమీ కాదు.

అతను "సరే, లైసెన్స్ ఇవ్వు" అంటాడు. చాలామంది ఇక్కడ గెలిచామనుకుని చెయ్యి కదిపేస్తారు. ఆగండి. "మై కార్డ్స్ ఆర్ ఆన్ ది వైజర్. ఐ విల్ రీచ్ విత్ మై లెఫ్ట్ హ్యాండ్. ఈజ్ దట్ ఓకే?" అనండి. "గో అహెడ్" అని చెవితో విన్నాకే ఎడమచెయ్యి. కుడిచెయ్యి స్టీరింగ్ మీదే. రెండు వేళ్లతో పౌచ్ తీసి, ఎల్‌టీసీ కార్డు పైన ఉండేలా అందించండి. కార్డు గొప్పతనం ఇక్కడే తెలుస్తుంది. మీ ఉచ్చారణ అతనికి అర్థం కాకపోయినా, రాష్ట్ర ప్రభుత్వం మీ వేలిముద్రలు తీసుకుని, మీ చరిత్ర వెతికి ఇచ్చిన కార్డు అది. మాటతో పని లేకుండా ఆ సంగతి చెప్పేస్తుంది.

ఇద్దరు ఆఫీసర్లుండి ఒకరు "చేతులు పైకెత్తు" అని, ఇంకొకరు "లైసెన్స్ తియ్యి" అంటే రెండోది చేయొద్దు. కదలకుండా, "ఆఫీసర్, ఐ హియర్డ్ టూ థింగ్స్. విచ్ వన్ ఫస్ట్?" అని అడగండి.

దిగమంటే, గన్ తీసుకుంటానంటే

దిగమనే అధికారం అతనికి ఉంది. 1977లో పెన్సిల్వేనియా వర్సెస్ మిమ్స్ కేసులో సుప్రీంకోర్టు ఆ మాట తేల్చేసింది. రోడ్డు మీద దాని గురించి గొడవపడొద్దు. మళ్లీ బెల్టు దగ్గరికి వస్తాం. "మై గన్ ఈజ్ ఆన్ మై రైట్ హిప్, నెక్స్ట్ టు ద బకిల్. ఐ విల్ యూజ్ మై లెఫ్ట్ హ్యాండ్" అని చెప్పి, సరే అన్నాక, ఎడమచెయ్యి ఒంటి ముందునుంచి తెచ్చి బకిల్ నొక్కండి. గన్ అన్న మాట వాడొద్దన్నాను, ఇక్కడ మాత్రం వాడక తప్పదు, ఎందుకంటే అప్పటికే అతనికి తెలుసు, ఎక్కడుందన్నది తెలియడమే ఇప్పుడు ముఖ్యం.

తన భద్రత కోసం అవసరమని నమ్మితే లైసెన్సుదారు గన్ తీసుకునే అధికారం టెక్సాస్ ఆఫీసర్‌కి ఉంది. మీ వల్ల ప్రమాదం లేదనీ, అరెస్టు చేయాల్సిందేమీ లేదనీ తేలితే మిమ్మల్ని పంపేముందు తిరిగి ఇచ్చేయాలి. "నువ్వే తీసి ఇవ్వు" అన్నా సరే మీరు మాత్రం తీయొద్దు. "ఆఫీసర్, ఐ విల్ ఫీల్ సేఫర్ ఇఫ్ యూ టేక్ ఇట్" అనండి. అనవసరంగా హోల్‌స్టర్‌లోంచి బయటికి వచ్చిన గన్ వల్ల ఇంతవరకు ఎవరూ బాగుపడలేదు.

కారు వెతకొచ్చా అని అడిగితే ఒద్దనొచ్చు. "ఐ డోంట్ కన్సెంట్ టు సర్చెస్, సర్" అని ఒక్కసారి మెల్లగా. అయినా వెతికితే అడ్డం పడొద్దు, లాయర్‌కి చెప్పుకోండి.

వేరే రాష్ట్రం వెళ్తుంటే

ఈ పద్ధతి టెక్సాస్‌కి. మిషిగన్, నార్త్ కరోలినాలలో ఆఫీసర్ అడిగేదాకా ఆగకూడదు, ఆపగానే మీరే చెప్పాలి. అక్కడ కూడా చేతులు స్టీరింగ్ మీదే, మొదటి పలకరింపుకే అవే నాలుగు వాక్యాలు, టెక్సాస్ లైసెన్స్ అనే. ఎడిసన్‌లో బంధువుల ఇంటికని న్యూజెర్సీకి బయల్దేరేవాళ్లు ఆగండి: న్యూజెర్సీ, న్యూయార్క్, కాలిఫోర్నియా మన టెక్సాస్ లైసెన్స్‌ని ఒప్పుకోవు. ఆ దారిన వెళ్లాల్సి వస్తే గన్ ఇంట్లో వదిలేయండి.

టికెట్ రాశాక

టికెట్ మీద సంతకం పెట్టడం తప్పు ఒప్పుకున్నట్టు కాదు, కోర్టుకి వస్తాననో కట్టేస్తాననో మాటివ్వడం, అంతే. పెట్టండి. ఏదైనా అన్యాయం జరిగిందనిపిస్తే ఆఫీసర్ పేరు, బ్యాడ్జ్ నంబర్, టైమ్ గుర్తుపెట్టుకుని తర్వాత ఫిర్యాదు చేయండి.

గన్ తీసుకుని ఉంటే, చాలాసార్లు తూటాలు తీసేసి, గన్‌ని ట్రంక్‌లోనో వెనక సీట్లోనో పెడతారు. పెట్టనివ్వండి. అతని ముందు లోడ్ చేయొద్దు, ట్రంక్ దగ్గరికి కూడా నడవొద్దు. అతని కారు కదిలి వెళ్లిపోయేదాకా చేతులు స్టీరింగ్ మీదే ఉంచండి. తర్వాత అద్దాలెత్తి, ఇండికేటర్ వేసి, తర్వాతి ఎగ్జిట్ తీసుకుని, ఏ గ్యాస్ స్టేషన్ దగ్గరో ఆపి, కొన్ని మంచినీళ్లు తాగి, ఇంటికెళ్లాకే హోల్‌స్టర్‌లో పెట్టుకోండి.