పాత బిల్లు వెతకడం ఆలస్యమైతే డేటాబేస్‌లో ఇండెక్స్ ఎలా కట్టాలి?

బరంపురంలో మా మామయ్య బట్టల కొట్టుకు వచ్చేవాళ్ళు ఫోన్ నంబరు మొత్తం చెప్పరు. "చివర నాలుగంకెలు కొట్టు బాబూ, వస్తుంది" అంటారు. ఇచ్ఛాపురం, సోంపేట నుంచి పొద్దున్నే రైలెక్కి వచ్చేవాళ్ళకు తిరుగు రైలు టెన్షన్ ఒకటి. కొట్టు లెక్కలన్నీ పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయి. బిల్లుల పట్టికలో వరుసలు 20 లక్షలు దాటాక, పాత బాకీ తెర మీదికి రావడానికి అయిదారు సెకన్లు పట్టేది. మామయ్య కొత్త కంప్యూటర్ కొందామన్నాడు. కావలసింది ఇండెక్స్, అంటే పుస్తకం వెనక సూచికలా ఏ విలువ ఎక్కడుందో చెప్పే జాబితా.

ముందు జబ్బేమిటో చూడండి

ఆలస్యమవుతున్న ప్రశ్నకు (డేటాబేస్‌ను అడిగే క్వెరీకి) ముందు 'ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్' అని చేర్చి నడపండి. (ఆదేశాలను ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను, టైప్ చేసేది ఇంగ్లీషులోనే.) ఇది ప్రశ్నను నిజంగానే నడుపుతుంది, కాబట్టి డిలీట్, అప్‌డేట్‌ల ముందు పెట్టకండి. జవాబులో 'సీక్ స్కాన్' కనిపిస్తే పట్టికను మొదటి వరుస నుంచి చివరి దాకా చదువుతోందని అర్థం. చిన్న పట్టికైతే అలా చదవడమే నయం, వదిలేయండి.

చెట్టు ఎలా పనిచేస్తుంది?

'క్రియేట్ ఇండెక్స్' అంటే పోస్ట్‌గ్రెస్ మామూలుగా కట్టేది బీ-ట్రీ. బోయింగ్ పరిశోధనశాలలో పనిచేస్తూ రుడాల్ఫ్ బేయర్, ఎడ్వర్డ్ మెక్‌క్రైట్ దీన్ని రూపొందించారు, 1972లో పత్రికలో అచ్చయింది. ఈ చెట్టు తలకిందులుగా ఉంటుంది. పైన వేరు, కింద ఆకులు. చెట్టులో ఒక్కో ముక్కను పేజీ అంటారు, అది 8 కిలోబైట్లు. ఫోన్ నంబరు లాంటి చిన్న విలువలు ఒక పేజీలో 300 పడతాయనుకుందాం. అప్పుడు మూడు అంతస్తుల చెట్టు 2 కోట్ల 70 లక్షల విలువలను మోస్తుంది. అంటే ఇండెక్స్‌లో మూడు పేజీలు తిప్పితే చాలు, అసలు వరుస ఎక్కడుందో తెలిసిపోతుంది. ఆకులు వరస తప్పకుండా ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. అందుకే 'ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా' అన్నా చకచకా నడుస్తుంది.

అయితే అన్నీ ఒక వరసలో ఉన్నాయి కాబట్టే వెతుకుడు మొదటి నుంచి పట్టుకోవాలి. నేను ఫోన్ గడి (కాలమ్) మీద ఇండెక్స్ కట్టి, చివరి నాలుగంకెలతో వెతికాను. మళ్ళీ సీక్ స్కానే! పదంకెల నంబర్లను మొదటి అంకె నుంచి వరసపెట్టిన చెట్టుకు చివరి నాలుగు ఏ కొమ్మన ఉంటాయో ఎలా తెలుస్తుంది? మందు ఏమిటంటే, ఆ నాలుగంకెల మీదే ఇండెక్స్ కట్టడం. క్రియేట్ ఇండెక్స్ ఆదేశంలో గడి పేరుకు బదులు చివరి నాలుగంకెలు తీసిచ్చే 'రైట్(ఫోన్, 4)' అనే ఫంక్షన్‌ను బ్రాకెట్లలో ఇవ్వాలి. వెతికే ప్రశ్నలోనూ అచ్చంగా అదే ఫంక్షన్ రాయాలి.

రెండు గడులు కలిపితే ఏది ముందు?

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. మనం ఇంటిపేరు ముందు, పేరు తర్వాత రాస్తాం. ఇక్కడి ఒడియావాళ్ళు సాహు, పాత్రో అని చివర రాస్తారు. ఇంటిపేరు, పేరు అనే వరసలో కట్టిన ఇండెక్స్‌లో ఇంటిపేరు తెలిస్తే మనిషి దొరుకుతాడు. ఉత్త 'అప్పారావు' అంటే ప్రతి ఇంటి తలుపూ తట్టాల్సిందే.

మాకు తరచూ కావలసింది ఒక ఊరివాళ్ళ గత నెల బిల్లులు. అందుకని ఊరు ముందు, తేదీ తర్వాత పెట్టాను. 'ఇదే' అని అడిగే గడి ముందు, 'ఇంత నుంచి ఇంత దాకా' అని అడిగేది వెనక. తిరగేస్తే ఆ నెలలో అన్ని ఊళ్ళవాళ్ళ పద్దులూ దాటుకుంటూ పోవాలి. అలాగే, మా బిల్లుల్లో ఎక్కువ భాగం బరంపురానివే కనుక, తేదీ లేకుండా ఉత్త బరంపురం అని అడిగితే పోస్ట్‌గ్రెస్ ఇండెక్స్‌ను పక్కనపెట్టి పట్టికంతా చదువుతుంది. అది తప్పేం కాదు, సగానికి పైగా వరుసలు కావాలంటే అదే తేలిక.

ఇంకో తలనొప్పి ఉంది. మా పట్టికలో ఒకే ఊరు బరంపురం, బ్రహ్మపూర్, బెర్హంపూర్ అని మూడు పేర్లతో ఉండేది. ఇండెక్స్‌కు అవి మూడు ఊళ్ళు. ముందు పేర్లు సరిచేసి, తర్వాతే కట్టాను.

ఎప్పుడు కట్టాలి?

కొట్టు కట్టేశాక. నేను పండగ రద్దీలో మధ్యాహ్నం కట్టాను. మామూలు క్రియేట్ ఇండెక్స్ నడుస్తున్నంతసేపూ పట్టికను చదవనిస్తుంది గానీ కొత్త వరుసలు రాయనివ్వదు. పాత హార్డ్ డిస్క్ కావడంతో నిమిషం పైగా బిల్లులు ఆగిపోయాయి, మామయ్య చూపు ఇప్పటికీ గుర్తుంది. ఆగకూడదంటే 'కాన్‌కరెంట్లీ' అనే మాట చేర్చాలి. ఎక్కువసేపు పడుతుంది, కానీ బిల్లింగ్ సాగుతూనే ఉంటుంది. కట్టాక మళ్ళీ ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ చూడండి. 'ఇండెక్స్ స్కాన్' గానీ 'బిట్‌మ్యాప్ ఇండెక్స్ స్కాన్' గానీ కనిపించాలి. ఫంక్షన్ మీద కట్టినదైతే ముందు పట్టికకు ఒకసారి, విలువల గణాంకాలు సేకరించే 'ఎనలైజ్' ఆదేశం నడపండి.

ప్రతి గడికీ ఇండెక్స్ కట్టేయకండి. కొత్త బిల్లు పడ్డప్పుడల్లా అన్ని చెట్లలోనూ రాయాలి, డిస్కూ తింటాయి. ఏది ఎన్నిసార్లు వాడారో 'పీజీ స్టాట్ యూజర్ ఇండెక్సెస్' అనే వ్యూలో (పట్టికలాగే చదవగలిగేది) 'ఐడీఎక్స్ స్కాన్' గడి చెబుతుంది. ప్రైమరీ కీ, యునిక్ ఇండెక్స్‌లు మాత్రం సున్నా చూపించినా ముట్టుకోవద్దు, ఒకే బిల్లు నంబరు రెండుసార్లు పడకుండా ఆపేవి అవే. చీర రంగు మీద నేను ముచ్చటపడి కట్టిన ఇండెక్స్ నాలుగు నెలలైనా సున్నా దగ్గరే ఉంటే, పోయిన ఆదివారం తీసేశాను.