పాత ఆసిలోస్కోపుల పవర్ సప్లైకి థర్మిస్టర్ రక్షణ

వాల్వులతో (గాజు వాక్యూమ్ ట్యూబులతో) పనిచేసే పాత ఆసిలోస్కోపుకు, అంటే విద్యుత్ తరంగాలను తెరమీద చూపే పరికరానికి, స్విచ్ వేసిన మొదటి క్షణమే గండం. వాల్వులను వేడిచేసే ఫిలమెంట్లు చల్లగా ఉన్నప్పుడు వాటి నిరోధం వేడి నిరోధంలో చిన్న భాగమే ఉంటుంది, ఖాళీ ఫిల్టర్ కెపాసిటర్లు దాదాపు షార్టులా ప్రవర్తిస్తాయి, పైగా ఏసీ వోల్టేజీ సున్నాను దాటే వేళ స్విచ్ పడితే ట్రాన్స్‌ఫార్మర్ కోర్ సంతృప్త స్థితికి (ఇక అయస్కాంతత్వం పెరగలేని స్థితికి) చేరి, ప్రైమరీలోని (సరఫరాకు కలిపే చుట్టలోని) రాగితీగ నిరోధం తప్ప కరెంటుకు వేరే అడ్డు ఉండదు. సెలీనియం రెక్టిఫైయర్ (ఏసీని డీసీగా మార్చే భాగం) తీసి సిలికాన్ డయోడ్లు వేసిన పరికరాల్లో ఈ కరెంటు ఉప్పెన మరింత పెరుగుతుంది, ఎందుకంటే సెలీనియం పలకల సొంత నిరోధం కొంత అడ్డుకట్టగా ఉండేది.

దీనికి సులువైన ఉపాయం ప్రైమరీలో సిరీస్‌గా ఎన్‌టీసీ థర్మిస్టర్‌ను చేర్చడం. చల్లగా ఉన్నప్పుడు ఎక్కువ నిరోధం చూపి, కరెంటు ప్రవహించి వేడెక్కిన కొద్దీ అది తగ్గిపోతుంది. 230 వోల్టుల సరఫరా శిఖరం 325 వోల్టులు కనుక 10 ఓముల థర్మిస్టర్ ఉంటే తొలి కరెంటు 33 ఆంపియర్లకు మించదు.

ఎంపికలో తొందర పనికిరాదు. పరికరాన్ని అరగంట నడిపాక క్లాంప్ మీటరుతో కరెంటు కొలిచి, దానికన్నా కొంత ఎక్కువ రేటింగు ఉన్న థర్మిస్టర్ తీసుకోవాలి. మరీ పెద్దది వేస్తే అది సరిగా వేడెక్కక, నిరోధం తగ్గక, వోల్టేజీని వృథాగా తినేస్తుంది. డేటాషీటులో శక్తి పరిమితినీ, అనుమతించే కెపాసిటెన్సునూ కూడా చూడాలి. రెండింటిని పారలల్‌గా కలపకూడదు, ముందు వేడెక్కినదే కరెంటంతా లాక్కుంటుంది. సిరీస్‌లో కలపవచ్చు.

ప్లగ్ తీసి, కెపాసిటర్లను రెసిస్టర్ ద్వారా డిశ్చార్జ్ చేసి, మీటరుతో సరిచూసుకున్నాకే లోపల చెయ్యి పెట్టండి. థర్మిస్టర్ స్థానం లైవ్ తీగలో, ఫ్యూజు, స్విచ్ రెండింటి తర్వాత. రెండు ప్రైమరీ చుట్టలను 115 వోల్టులకు పారలల్‌గా కలిపిన యంత్రంలో రెండింటికీ ఉమ్మడిగా ఉన్న తీగలోనే పెట్టాలి. పనిచేసేటప్పుడు దాని ఒళ్లు 150 డిగ్రీల సెల్సియస్ దాటవచ్చు కాబట్టి కాళ్లను పొడవుగా ఉంచి ఫైబర్‌గ్లాస్ స్లీవ్ తొడిగి, ట్యాగ్ (తీగలు అతికే లోహపు కొస) చుట్టూ గట్టిగా మెలిపెట్టిన తర్వాతే సోల్డర్ చేయాలి. సోల్డర్ పట్టు ఒక్కదాన్నే నమ్ముకుంటే వేడికి అతుకు బలహీనపడవచ్చు. కెపాసిటర్లు, పీవీసీ తీగలు దానికి దగ్గరగా ఉండకూడదు.

వేడెక్కాక ఫిలమెంట్ వోల్టేజీ కొలవండి. 6.3 వోల్టుల ఫిలమెంటుకు 6 వోల్టుల కన్నా తక్కువ వస్తుంటే ఎంపిక తప్పిందనే నా అభిప్రాయం, వేరే థర్మిస్టర్ వేసి చూడాలి. ఫ్యూజు మాత్రం తయారీదారు చెప్పిన విలువలోనే, చెప్పిన రకంలోనే ఉంచాలి. అది ఎగిరిపోతోందని పెద్దది వేయడం ట్రాన్స్‌ఫార్మర్‌ను పణంగా పెట్టడమే.

ఆపిన వెంటనే మళ్లీ స్విచ్ వేస్తే థర్మిస్టర్ ఇంకా వేడిగానే ఉండి ఉప్పెనను ఆపలేదు. అది పూర్తిగా చల్లారడానికి కొన్ని నిమిషాలు ఆగాలి. కరెంటు తరచూ పోయి వచ్చే చోట దీనికి బదులు పవర్ రెసిస్టర్‌ను సిరీస్‌లో పెట్టి, క్షణం తర్వాత రిలేతో దాన్ని బైపాస్ చేసే ఏర్పాటు మేలు, ఎందుకంటే సరఫరా పోగానే రిలే విడిపోయి రెసిస్టర్ వెంటనే మళ్లీ కరెంటు దారిలోకి వస్తుంది.