పట్టాలు పోయిన రైలుకట్ట వెంట: కొలరాడో కొండల్లో పాత న్యారోగేజ్ దారులను వెతకడం ఎలా

అమెరికాలోని కొలరాడో రాష్ట్రపు రాకీ పర్వతాల్లో పాత న్యారోగేజ్ రైలుమార్గాల, అంటే పట్టాల మధ్య ఎడం తక్కువగా ఉండే మార్గాల, జాడ తీయాలనుకునేవారు ముందుగా పట్టాల కోసం వెతకడం మానుకోవాలి. చాలాచోట్ల పట్టాలను ఎన్నడో ఊడదీసి తుక్కు కింద అమ్మేశారు, కొయ్య వంతెనల్లో అధికభాగం కూలిపోయాయి, స్టేషన్లు మంచు బరువుకు నేలమట్టమయ్యాయి. మిగిలినదల్లా నేలపనే. కొండను తొలిచిన కోత, లోయ అంచున పోసిన కట్ట, ఆ రెండింటినీ కలుపుతూ మెల్లగా పైకి సాగే వాలు మాత్రమే నేటికీ నిలిచి ఉన్నాయి. ఆ వాలును కంటితోనూ కాలితోనూ గుర్తుపట్టడం అలవాటైతే అడవి కప్పేసిన దారి కూడా దొరుకుతుంది. అది అలవడకపోతే ఎంత మంచి పటం చేతిలో ఉన్నా ఏ పాత బండ్ల బాటనో పట్టుకుని గంటల తరబడి తిరగవలసి వస్తుంది.

ఈ మార్గాలు ఎందుకు అలా ఉన్నాయో కొంత తెలుసుకుని వెళ్లడం మంచిది, ఎందుకంటే ఆ కారణాలే నేలమీద ఆనవాళ్లుగా కనిపిస్తాయి. 1870లో విలియం జాక్సన్ పామర్ డెన్వర్ అండ్ రియో గ్రాండ్ రైల్వేను స్థాపించినప్పుడు 4 అడుగుల 8.5 అంగుళాల మామూలు గేజిని కాదని, పట్టాల మధ్య మూడడుగుల వెడల్పును ఎంచుకున్నాడు. ఇరుకు గేజికి కొండ అంచున సన్నని గట్టు చాలు, తేలికపాటి పట్టాలు చాలు, పైగా కొండ మలుపు తిరిగినచోటల్లా రైలు కూడా బిగువుగా తిరగగలదు. వెండి గనుల కోసం ఇలాంటి దారులు వరుసగా పుట్టుకొచ్చాయి. జాన్ ఎవాన్స్ పూనికతో ‘డెన్వర్, సౌత్ పార్క్ అండ్ పసిఫిక్’ అనే రైల్వే వచ్చింది, 1891 చివరికి ఓటో మియర్స్ రిడ్జ్‌వే నుంచి డురాంగో దాకా 162 మైళ్ల రియో గ్రాండ్ సదరన్ రైలుమార్గాన్ని పూర్తిచేశాడు. 1893లో వెండి ధర కుప్పకూలడంతో ఎన్నో గనులు మూతపడ్డాయి. ఆ తరువాత లారీలు మిగిలిన సరుకును కూడా లాక్కున్నాయి. ఇరవయ్యో శతాబ్దం మధ్యకు వచ్చేసరికి చాలా దారుల్లో పట్టాలు తీసేశారు.

ఇంట్లో కూర్చుని చేయవలసిన పని ఎంత ఓపికగా చేస్తే కొండమీద అంత సమయం కలిసి వస్తుంది. యు.ఎస్. జియలాజికల్ సర్వే వారి పాత స్థలాకృతి పటాలు ఉచితంగా దొరుకుతాయి. రైలు నడుస్తున్న కాలపు పటంలో అడ్డగీతలతో కూడిన గీతగా కనిపించే మార్గం, తరువాతి పటాల్లో పాత రైలుకట్టగానో, మట్టిరోడ్డుగానో, కాలిబాటగానో మారుతుంది. రెండు పటాలనూ పక్కపక్కన పెట్టుకుని ఎక్కడ రోడ్డు పాత కట్ట మీదే సాగిందో, ఎక్కడ దాన్ని విడిచి పక్కకు పోయిందో గుర్తించాలి. మన వెతుకులాటకు ఆ విడిచిన ముక్కలే ముఖ్యం, ఎందుకంటే వాటిని బుల్డోజర్లు తాకలేదు. ఆ తరువాత లైడార్ చిత్రాలు చూడాలి. విమానం నుంచి లేజర్ కిరణాలతో నేల ఎత్తును కొలిచి, చెట్లను లెక్కలోంచి తీసేసి తయారుచేసే ఈ చిత్రాల్లో దట్టమైన అడవి కింది కట్ట కూడా కొండమీద దారంతో కట్టినట్టు స్పష్టంగా కనిపిస్తుంది. పాత ఛాయాచిత్రాలు కూడా ఎంతో సాయపడతాయి. విలియం హెన్రీ జాక్సన్ తీసిన చిత్రాల వెనుక కనిపించే కొండశిఖరాల వరుస నేటికీ మారలేదు కాబట్టి, ఆ వరుస సరిగ్గా కుదిరేచోట నిలబడితే ఫొటోగ్రాఫర్ నిలబడిన చోటును చాలా దగ్గరగా పట్టుకోవచ్చు.

ఇక నేలను చదవడం. ఈ కొండదారుల్లో ప్రధాన మార్గాల వాలు సాధారణంగా నాలుగు శాతం మించదు. అంటే వంద అడుగులు ముందుకు సాగితే నాలుగడుగుల ఎత్తు, మైలుకు సుమారు 211 అడుగుల ఎత్తు. ఫోనులో వాలు కొలిచే సాధనంలో ఇది 2.3 డిగ్రీలుగా కనిపిస్తుంది. గుర్రపు బండ్ల బాట అలా ఉండదు. అది ఒకచోట చదునుగా ఉండి, మరొకచోట నిట్టనిలువుగా లేచి, గుర్రం అలిసే చోట మళ్లీ చదునవుతుంది. రైలుదారి మైళ్ల తరబడి ఒకే తీరున ఎక్కుతుంది. నడుస్తున్న కట్ట ఒక్కసారిగా పది శాతం పైకి లేచిందంటే అది రైలుకట్ట కాదు, లేదా కొండచరియ పడి దాన్ని పూడ్చేసింది. మలుపు కూడా ఇంతే ఖచ్చితమైన సాక్ష్యం. అత్యంత బిగువైన న్యారోగేజ్ మలుపులు ఇరవైనాలుగు డిగ్రీల ప్రాంతంలో ఉంటాయి, అంటే ప్రతి వంద అడుగులకు దారి అన్ని డిగ్రీలు తిరుగుతుంది, వ్యాసార్థం సుమారు 240 అడుగులు. అంతకంటే బాగా తక్కువ చోటులో వెనక్కి తిరిగే బాట బండిదో లారీదో అయి ఉంటుంది.

వాగు దగ్గరకు వచ్చేసరికి కట్ట మాయమవడం అందరికీ ఎదురయ్యే చిక్కు. అక్కడ కిందికి దిగిపోకూడదు. కట్ట తెగిన అంచున నిలబడి, కన్ను కదపకుండా సమతలంగా ఎదుటి గట్టును చూడాలి. ఒకప్పుడు అక్కడ కొయ్య వంతెన ఉండి ఉంటే ఎదుటి గట్టు మీద దాదాపు అదే ఎత్తులో కట్ట మళ్లీ మొదలవుతుంది. వంతెన పోయినా దాని రెండు చివరలా రాళ్లతోనో దుంగలతోనో కట్టిన ఆధారం ఉంటుంది, వాగు అడుగున నరికిన కొయ్య స్తంభాల మొదళ్లు దొరుకుతాయి. వంతెన ఆనవాలేదీ లేకపోతే కట్ట వాగు లోపలికంటా వెళ్లి, ఇరుకైనచోట దాటి, రెండో ఒడ్డు వెంట బయటికి వచ్చి ఉంటుంది. లోపలి చివర రాతి కల్వర్టు కోసం వెతకండి. కంపెనీలు డబ్బుకు కటకటలాడాయి కాబట్టి తప్పనిసరి అయితే తప్ప వంతెన కట్టేవి కావు.

దగ్గరగా చూడవలసినవి కొన్ని ఉన్నాయి. తెల్లవారిన గంటకో, పొద్దు వాలేవేళకో కట్ట మీద వంగి, నేలకు సమాంతరంగా దూరానికి చూస్తే, వరుసగా అడ్డంగా పడిన లోతులేని గుంటలు కనిపిస్తాయి. అవి కుళ్లిపోయిన స్లీపర్లు, అంటే పట్టాల కింద అడ్డంగా పరిచిన కొయ్య దుంగలు, వదిలిన అచ్చులు. మిట్టమధ్యాహ్నం ఎండలో అదే చోట ఏమీ కనబడదు. స్లీపరే మిగిలి ఉంటే, దాని చివరల దగ్గర చీలలు దిగిన చదరపు రంధ్రాలు, పట్టా అడుగుభాగం నొక్కుకుని పడిన గాడి ఉంటాయి. రెండు గాడుల లోపలి అంచుల మధ్య కొలిస్తే మూడడుగుల కంటే కాస్త తక్కువ వస్తుంది, ఎందుకంటే పట్టా అడుగుభాగం దాని తలకంటే వెడల్పు. మట్టిలో నల్లగా, తేలికగా, బొరుసుబొరుసుగా చేతికి తగిలేది ఇంజను పొయ్యిలోంచి పడిన బొగ్గు చిట్టెం. అది ఒకేచోట మందంగా పరుచుకుని ఉంటే ఇంజన్లు అక్కడ ఆగి పొయ్యి దులుపుకునేవని అర్థం, కాబట్టి దగ్గర్లో నీళ్ల ట్యాంకు పునాది ఉండవచ్చు. కల్వర్టులోనో గట్టు గోడలోనో పాత పట్టా ముక్క కనిపిస్తే దాని నడుము మీది ఉబ్బెత్తు అక్షరాలు చదవండి. తయారుచేసిన కర్మాగారం పేరు, సంవత్సరం, చాలాసార్లు నెల కూడా అక్కడ ఉంటాయి. అయితే అది పట్టా తయారైన ఏడే గాని ఆ దారి వేసిన ఏడు కాదు. వేరే దారిలో వాడిన పాత పట్టాలను తెచ్చి వేయడం ఆ రోజుల్లో మామూలే.

మొదటిసారి వెళ్లేవారికి కోమో, బ్రెకెన్‌రిడ్జ్‌ల మధ్య బోరియస్ కనుమ మంచి బడి. 1937లో మూతపడిన ఆ మార్గం ఇప్పుడు మట్టిరోడ్డు. సుమారు 11,480 అడుగుల ఎత్తున్న కనుమ దాకా వేసవిలో కారులోనే వెళ్లవచ్చు. కోమోలో రాతితో కట్టిన గుండ్రటి ఇంజన్ షెడ్డు, కనుమ మీద 1882 నాటి కార్మికుల ఇల్లు, బ్రెకెన్‌రిడ్జ్ వైపు బేకర్స్ ట్యాంక్ అనే నీళ్ల ట్యాంకు చూడవచ్చు. నాలుగు శాతం వాలు అంటే ఏమిటో ఆ రోడ్డు మీద ఒళ్లు తెలుసుకుంటుంది. మార్షల్ కనుమ రోడ్డు కూడా పాత రైలుకట్టే. ట్రౌట్ లేక్ దగ్గర రియో గ్రాండ్ సదరన్ కొయ్య వంతెన ఒకటి నేటికీ నిలిచి ఉంది, దాన్ని చూసినవారికి మిగతాచోట్ల మొదళ్లు మాత్రమే మిగిలిన వంతెనలను ఊహించుకోవడం తేలికవుతుంది.

అయితే ఒక్కచోటుకే వెళ్లగలిగితే నేను ఆల్పైన్ టన్నెల్‌నే ఎంచుకుంటాను. 11,500 అడుగులకు పైన, 1,772 అడుగుల పొడవున తవ్విన ఈ సొరంగం పని 1880లో మొదలై, 1882లో రైలు నడిచింది, 1910లో ఆగిపోయింది. లోపలి రాయి పొడిపొడిగా రాలడంతో కాలిఫోర్నియా నుంచి రెడ్‌వుడ్ కలప తెప్పించి ఆసరా పెట్టవలసి వచ్చింది. తూర్పున హాన్‌కాక్ నుంచి కట్ట మీదుగా సుమారు రెండున్నర మైళ్లు నడిస్తే సొరంగం ముఖం దగ్గరకు చేరతాము. దారిలో చాలాచోట్ల స్లీపర్లు ఇంకా నేలను పట్టుకుని ఉన్నాయి. పడమటి వైపున పాలిసేడ్స్ అనే గోడ ఉంది. చెక్కిన రాళ్లను సున్నం, సిమెంటు ఏదీ లేకుండా ఒకదానిపై ఒకటి పేర్చి కట్టిన ఆ గోడ మీదే రైలు లోయ అంచు దాటేది. దాని పక్కన నిలబడి రాయికీ రాయికీ మధ్య సందును చూసినప్పుడు, అంత ఎత్తున, ఆ చలిలో పనిచేసిన చేతుల మీద నాకు కలిగే గౌరవం ఇంతా అంతా కాదు. అదే వైపున ఉన్న ఉడ్‌స్టాక్ ఊరిని 1884 మార్చిలో మంచు ఉప్పెన తుడిచిపెట్టింది, 13 మంది చనిపోయారు. అక్కడ మాట తగ్గించి నడవడం న్యాయం.

సొరంగం ముఖాలు కూలిపోయాయి. అక్కడే కాదు, ఏ పాత సొరంగంలోకీ, గనిలోకీ అడుగు పెట్టకూడదు. పుచ్చిన కలప ఎప్పుడు విరుగుతుందో, లోపల గాలి ఎలా ఉందో బయట నుంచి తెలియదు. పాత వంతెనల మీద కూడా నడవరాదు. ఎత్తైన కనుమల్లో చాలా ఏళ్లు జూలై దాకా మంచు ఉంటుంది, జూలై, ఆగస్టు నెలల్లో మధ్యాహ్నం పిడుగులు పడతాయి. చెట్లు పెరగని ఎత్తున కట్ట మీద మనిషే ఎత్తైన వస్తువు కాబట్టి, తెల్లవారగానే బయలుదేరి మధ్యాహ్నానికి ముందే దిగిపోవాలి. పల్లపు ప్రాంతం నుంచి వచ్చినవారు ఒకటి రెండు రోజులు మధ్యస్థమైన ఎత్తులో ఉండి ఆపై ఎక్కాలి. తలనొప్పి, వాంతి మొదలైతే ఓర్చుకోవడానికి చూడక కిందికి దిగాలి.

దొరికిన వస్తువును దొరికినచోటే వదిలేయడం చట్టం. నేషనల్ ఫారెస్ట్ భూముల్లో చారిత్రక వస్తువులను తీసుకుపోవడం నేరం, వందేళ్లు దాటిన పురావస్తువులకు 1979 నాటి కేంద్ర చట్టం ప్రత్యేకంగా రక్షణ ఇస్తుంది. అడవి నడుమ ప్రైవేటు గని భూములు కూడా ఉంటాయి, వాటిలోకి అనుమతి లేకుండా వెళ్లకూడదు. చట్టం సంగతి అలా ఉంచినా, ఒక చీల జేబులోకి వెళ్లిన క్షణంలో అది ఉత్త తుప్పు ముక్క అవుతుంది. స్లీపర్ పక్కన పడి ఉన్నంతసేపే అది పట్టా ఎక్కడ ఉండేదో చెప్పగలదు. అందువల్ల పక్కన కొలబద్ద పెట్టి ఫొటో తీసి, జీపీఎస్ అంకెలు, చుట్టూ ఉన్నవాటి దూరాలు రాసుకుని ముందుకు సాగాలి.

నడక ముగిశాక వీలైతే కంబ్రెస్ అండ్ టోల్టెక్ రైలు ఎక్కండి. 1880లో వేసిన ఈ మార్గంలో అంటోనిటో నుంచి చామా వరకు 64 మైళ్లను 1970లో కొలరాడో, న్యూ మెక్సికో రాష్ట్రాలు కలిసి కొన్నాయి, ఆవిరి ఇంజన్లు ఇంకా నడుస్తున్నాయి. చామా నుంచి 10,015 అడుగుల కంబ్రెస్ కనుమకు ఎక్కే నాలుగు శాతం వాలు మీద గాలికి తెరిచి ఉన్న పెట్టెలో కూర్చుని ఇంజను ఊపిరిని వినండి, అది ఎంతదూరానికి ఒకసారి నీళ్లకు ఆగుతుందో గమనించండి. ఆ తరువాత మళ్లీ మీ పాడుబడిన కట్ట మీదికి వెళ్లి, చిట్టెం మందంగా పరుచుకున్న ఆ చోట, నీళ్ల ట్యాంకు పునాది కోసం ఈసారి ఎగువవైపు వాగు దగ్గర వెతకండి.