లక్ష కిలోమీటర్లు దాటిన స్టైలిష్ కారు తక్కువ బడ్జెట్‌లో కొనడం ఎలా?

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు తెలుగువాళ్లకు సెకండ్ హ్యాండ్ కారు వెతకడానికి రెండు మార్కెట్లున్నాయి: ఇటు ఒడిశా, అటు విజయనగరం, విశాఖ. మీటరు లక్ష దాటితే ధర బాగా దిగుతుంది. అప్పుడు హోండా సిటీ, హ్యుందాయ్ వెర్నా, ఫోక్స్‌వ్యాగన్ వెంటో లాంటి అందమైన సెడాన్లు కూడా చిన్న కారు ధరకే దొరుకుతాయి. వేళకి ఆయిల్ మార్చిన లక్షన్నర కిలోమీటర్ల ఇంజన్, పట్టించుకోకుండా వదిలేసిన అరవై వేల ఇంజన్ కన్నా నమ్మదగ్గది. అందుకే మెరుపు కన్నా ముందు సర్వీసు బిల్లులు అడగండి.

1. డబ్బు విడదీయండి. చేతిలో 3 లక్షలుంటే కారుకి 2.2 లక్షలు దాటనివ్వకండి. మిగతాది టైర్లు, ఆయిళ్లు, బ్యాటరీ, బ్రేకులు, ఇన్సూరెన్సు, పేరు మార్పిడికి. ఆంధ్రా బండైతే ఒడిశాలో రోడ్డు టాక్సు మళ్లీ కట్టాలి. ఆ మొత్తాన్ని బేరానికి ముందే లెక్కలో వేసుకోండి.

2. మోడల్ ఎంచుకోండి. ఈ బడ్జెట్‌లో పెట్రోల్ మాన్యువలే మేలు. సిటీ 1.5 పెట్రోల్‌లో టైమింగ్ చైన్ (వాల్వులను పిస్టన్లతో వేళ కలిపి కదిలించే గొలుసు) ఉంటుంది. వెంటో డీజిల్‌లో దాని బదులు బెల్టు. అది తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజన్ దెబ్బతింటుంది. బెల్టు మార్చిన బిల్లు లేకపోతే ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి. ఏడు గేర్ల డీఎస్‌జీ ఆటోమేటిక్ ఎంత ముచ్చటగా ఉన్నా వదిలేయండి. దాని గేర్లను నడిపించే మెకట్రానిక్ యూనిట్ పోతే ఈ బడ్జెట్ తట్టుకోలేదు.

3. పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉండగా చూడండి. ముందు బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీరు రాకముందే స్టార్ట్ చేశారన్నమాట, ఇంకో రోజు రండి. నీలం పొగ వస్తే ఇంజన్ ఆయిల్ తాగుతోంది. తెల్లపొగ ఆగకుండా వస్తూ కూలెంట్ తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్‌ను (ఇంజన్ పై భాగానికీ బ్లాకుకూ మధ్య ఉండే సీలు) అనుమానించండి. ఆయిల్ మూత లోపల మీగడలాంటి తెల్లని జిడ్డున్నా అదే అనుమానం.

మీటరు వెనక్కి తిప్పారేమో బ్రేక్ పెడల్ రబ్బరు, స్టీరింగ్ తోలు, డ్రైవర్ సీటు అంచు చెబుతాయి. అవి నున్నగా అరిగిపోయి మీటరు 50 వేలు చూపిస్తుంటే బేరం అక్కడితో ఆపండి. మెకానిక్ దగ్గర స్కానర్ (కారు కంప్యూటరులోని లోపాలు చదివే పరికరం) ఉంటే తప్పకుండా పెట్టించండి. ఎర్రర్ కోడ్లు అప్పుడే చెరిపేసి ఉంటే, లోపలి పరీక్షలు చాలావరకు ‘పూర్తి కాలేదు’ అని కనిపిస్తాయి.

సాలూరు–కోరాపుట్ లాంటి ఘాట్ రోడ్లలో తిరిగిన బండికి క్లచ్, బ్రేకులు త్వరగా అరుగుతాయి. ఖాళీ స్థలంలో హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగి, మూడో గేరులో క్లచ్ మెల్లగా వదలండి. ఇంజన్ ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతుంటే క్లచ్ ప్లేటు అయిపోవచ్చింది. ఈ పరీక్ష ఒక్కసారికి మించి చేయకండి. బ్రేకు వేసినప్పుడు స్టీరింగ్ వణికితే డిస్కులు చూపించండి.

ఫైలిన్ (2013), హుద్‌హుద్ (2014), తిత్లీ (2018) తుపాన్లు చూసిన ప్రాంతం ఇది. వరదలో మునిగిన కార్లు శుభ్రంగా కడిగి అమ్మకానికి వస్తాయి. సీటు బెల్టు చివరిదాకా లాగి బురద మరక చూడండి, స్టెప్నీ గుంత, సీటు బోల్టుల తుప్పు చూడండి. మునిగిన కారు వైరింగు ఏళ్ల తరబడి ఇబ్బంది పెడుతుంది, ఎంత చౌకైనా వద్దు.

4. అందానికి మోసపోకండి. పెద్ద అల్లాయ్‌లకు వేసిన సన్నటి టైర్లు గుంతల్లో త్వరగా దెబ్బతింటాయి. టైరు పక్కన నాలుగంకెలు చూడండి: 3219 అంటే 2019లో 32వ వారం తయారైంది. మసకబారిన హెడ్‌లైట్లు మాత్రం పాలిష్‌తోనే బాగవుతాయి.

5. కాగితాలు. ఆర్సీని ప్రభుత్వ యాప్ ఎంపరివాహన్‌లో సరిచూసి, ఛాసిస్ నంబరు బండి మీద చదవండి. పేరు మార్పిడికి ఫారం 29, 30. బండి మీద లోను ఉండి, అది తీరిపోయి ఉంటే ఫారం 35తో పాటు బ్యాంకు లేఖ. ఆంధ్రా బండికి ఫారం 28 మీద ఎన్‌ఓసీ (అక్కడి ఆర్టీవో ఇచ్చే నిరభ్యంతర పత్రం) తప్పనిసరి. ఒడిశాలో 12 నెలలు దాటి ఉంచుకుంటే ఇక్కడి నంబరు తీసుకోవాలి. రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు దగ్గరపడితే రెన్యువల్ ఖర్చూ మీదే. పాత చలాన్లు అమ్మేవాళ్లే కట్టాక, ఎన్‌ఓసీ చేతికొచ్చాకే చివరి విడత డబ్బు ఇవ్వండి.