హెడ్‌ఫోన్ కొనే ముందు మూడు టోన్లు వినండి

డబ్బా మీద ‘ఎక్స్‌ట్రా బాస్’ అని చూసి కొంటాం. ఇంటికొచ్చి ఈడీఎం (ఎలక్ట్రానిక్ డ్యాన్స్ మ్యూజిక్) పెడితే కిక్ డ్రమ్ దెబ్బ ఒక్కటే గుబగుబమంటుంది, కింద నడిచే బాస్ లైన్ వినపడదు. నేను రెండుసార్లు అలాగే డబ్బులు పోగొట్టుకున్నా.

మొన్న హన్మకొండ చౌరస్తాకు వెళ్లేముందు ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ (కోరిన హెర్ట్జ్‌లో ఒకే శబ్దం మోగించేది) వేసుకున్నా. ఉచితమే. షాపులో డెమో పీస్ అడిగి, ఈక్వలైజర్ (బాస్, ట్రెబుల్ పెంచి తగ్గించే సెట్టింగ్) ఆపేసి, వాల్యూమ్ సగం లోపే ఉంచి 100, 60, 40 హెర్ట్జ్ టోన్లు (అంకె తగ్గేకొద్దీ శబ్దం లోతు) వరుసగా విన్నా. కిందికి పోయేకొద్దీ చప్పుడు తగ్గినట్టు అనిపించడం మామూలే, మన చెవి తీరే అంత. కానీ 40 దగ్గర సన్నటి వణుకైనా తెలియాలి. బుర్రుమని పగిలినా, పూర్తిగా మాయమైనా పక్కన పెట్టేయండి. 40 వినపడట్లేదని వాల్యూమ్ పెంచి, అలాగే 100కు పోవద్దు, చెవి గుయ్యిమంటుంది.

ఇయర్‌ఫోన్స్ అయితే వద్దనుకునే ముందు రబ్బర్లు మార్చి చూడండి. గాలి సందు ఉంటే ఎంత ఖరీదైనదైనా బాస్ పోతుంది. నాకు ఎడమ చెవికి పెద్దది, కుడికి మీడియం పట్టింది, విచిత్రం! కళ్లద్దాలుంటే పెద్ద హెడ్‌ఫోన్స్ కుషన్ కింద కాడ దగ్గర కూడా సందు వస్తుంది, అద్దాలతోనే పెట్టుకుని చూడండి.

ఒకటే తిరకాసు: సాయంత్రం బస్సుల హోరులో ఈ పరీక్ష పనిచేయదు, 40 అసలే తెలియదు. పొద్దున షాపు తీయగానే వెళ్లండి.